చిన్నపోలయ్య కుడిచేతి నరం

చిన్నపోలయ్యకు గుండె పోతుందని భయం లేదు. భయమంతా కుడిచేతి గురించే. విన్నవాళ్లు నవ్వుతారు గానీ ఆ చేతి సంగతి తెలిసినవాళ్లు నవ్వరు. కోట ఊరి చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో ఎవరు వల వేయించి చూడాలన్నా ఆయన్నే పిలుస్తారు. విసురువల తాడు ఎడమ మణికట్టుకు తగిలించుకుని, కుడిచేత్తో ఒక్క తిప్పు తిప్పి వదిలాడంటే వల పళ్లెంలా గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడుతుంది. పైకొచ్చిన రొయ్యల్ని అరచేతిలో వేసుకుని, ఇవి మేత తింటున్నాయా, జబ్బు పడబోతున్నాయా అన్నది అక్కడికక్కడే చెప్పేస్తాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి సంపాదించుకున్న పేరంతా ఆ చేతి చలవే.

అలాంటి మనిషి ఒక పొద్దున గుంట గట్టు మీద రొమ్ము పట్టుకుని కూలబడ్డాడు. భార్య నాగులమ్మ ఆటోలో వేసుకుని నెల్లూరు తీసుకుపోయింది. అక్కడి గుండె డాక్టరు రేవతి నెమ్మదస్తురాలు. మందులతో నొప్పి తగ్గించి, గుండె రక్తనాళంలో అడ్డు ఉంది, రేపు స్టెంటు వేద్దామని చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత, పల్లెటూరి వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుందని కాబోలు, చేతి నరంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపిస్తామనేసింది.

నరం! ఆ ఒక్క మాటకు చిన్నపోలయ్య పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కింటి చెంగయ్య బండి మీదనుంచి పడి చేతి నరం తెగ్గొట్టుకున్నాడు. నాలుగేళ్లయింది, ఆ చెయ్యి అలా వేలాడుతూనే ఉంది. పాపం, టీ గ్లాసు కూడా ఎడంచేత్తోనే పట్టుకుంటాడు.

ఇక ఆ పూటంతా బేరాలే. కాల్లోంచి పొమ్మన్నాడు. ముప్పయ్యేళ్ల బీడీలు కాళ్ల రక్తనాళాలను ఇరుకు చేసిపెట్టాయి, అటు దారి కుదరదంది రేవతి. అయితే ఎడంచేతిలోంచి పొండి, తాడు తగిలించుకోవడానికి అది మొద్దుబారినా ఫర్వాలేదన్నాడు. ప్రాణం మీదికొస్తే ఈయనకు వల గొడవేమిటని నాగులమ్మ తల బాదుకుంది. డాక్టరమ్మ మాత్రం రెండు చేతులూ పరీక్ష చేసి, సరే, ఎడంచేతితోనే మొదలుపెడదామంది.

మర్నాడు బల్లమీద పడుకోబెట్టి, ఎడమ మణికట్టు దగ్గర మత్తు సూది వేసి, సన్నటి తీగ లోపలికి పంపారు. మనిషి మెలకువగానే ఉన్నాడు. తీగ మోచేయిదాకా పోయి ఆగింది. అక్కడ ఆయన రక్తనాళం సున్నా చుట్టినట్టు తిరిగి ఉంది. ఎంత ఓపిగ్గా తిప్పినా తీగ ఆ మలుపు దాటలేదు. కొందరికి పుట్టుకతోనే ఇలా ఉంటుంది, బలవంతం చేస్తే లోపల గీసుకుంటుందని చెప్పి రేవతి తీగ బయటికి తీసేసింది. ఇక మిగిలింది కుడిచెయ్యి. చిన్నపోలయ్య దాన్ని గబుక్కున వీపు కింద దాచేశాడు. నర్సు లిల్లీ బతిమాలి, బామాలి బయటికి తీయించింది.

కుడిచేతిలో తీగ తేలిగ్గానే పోయింది. దాని వెంట గొట్టం సగందాకా పోయిందో లేదో, చెయ్యంతా బిగుసుకుపోయి భగ్గుమని నొప్పి. గొట్టం ముందుకూ పోదు, వెనక్కీ రాదు. రక్తనాళం భయానికి ముడుచుకుని గొట్టాన్ని పట్టేసుకుందని రేవతి చెప్పింది. వదులయ్యే మందు ఎక్కించింది, ఇంకాస్త మత్తిచ్చింది, మోచేతి మీద వేడి గుడ్డ వేయించింది. అయినా బిగువు తగ్గలేదు.

“దేనికయ్యా అంత భయం?” అని అడిగింది చివరికి.

“నరం తెగితే చెయ్యి పడిపోతాది గదమ్మా. మా చెంగయ్యది పడిపోలా?”

రేవతికి అప్పుడర్థమైంది. “తప్పు నాది పెద్దాయనా. నరం అనకుండా ఉండాల్సింది. చేతిని కదిలించే నరం వేరు, దాని జోలికి మేం పోం. ఇది రక్తం పారే కాలవ. మీ అరచేతికి ఇలాంటివి రెండున్నాయి. ఒకటి మూసుకున్నా రెండోది అందిస్తుంది. నిన్న రెండూ నొక్కిపట్టి, ఒకటి వదిలి చూసింది అందుకే.”

అంటే గుంటకు రెండు తూములన్నమాట. ఈ ముక్క నిన్ననే చెప్పి ఉంటే అన్నమన్నా సహించేది కదా అని చిన్నపోలయ్యకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంతలో రేవతి గొట్టం వదిలిందేమోనని కాస్త కదిలించి చూసింది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

“లాగబాకమ్మా. వల మొద్దుకు తగులుకున్నప్పుడు లాగితే చినిగిపోతాది. తాడు వదులు చేసి, ఊరికే కబుర్లు చెప్పుకుంటా నిలబడాల. దానంతట అదే వస్తాది.”

“అయితే ఆ కబుర్లేవో మీరే చెప్పండి.”

ఏం చెప్పాలో తోచక ఆయన పెళ్లికి ముందు సంగతి ఎత్తుకున్నాడు. కాలవ గట్టు మీద నాగులమ్మ చూస్తోందని గొప్పకు పోయి వల విసిరాడు. అంచున కట్టిన సీసం గుళ్లు లుంగీకి తగులుకుని, వలతోపాటు లుంగీ కూడా ఎగిరి నీళ్లలో పడింది. తాను మెడలోతుకు దూకి దాక్కుంటే ఆ పిల్ల గట్టు మీద పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు చూసే మనువాడాను అనేసరికి లిల్లీ కిసుక్కుమంది. డాక్టరమ్మ భుజాలు కదిలాయి. చిన్నపోలయ్యా నవ్వాడు. అంతసేపూ బిగించిన గుప్పిట ఎప్పుడు విప్పాడో ఆయనకే తెలియదు.

“వదిలింది,” అంది రేవతి మెల్లగా. ఆ తర్వాత అరగంటలో స్టెంటు పడింది.

వార్డులోకి వచ్చేసరికి రక్తం ఆగడానికి రెండు మణికట్లకూ గాలి నింపిన పట్టీలు కట్టి ఉన్నాయి. ముసలాడికి గాజులు తొడిగారే అంది నాగులమ్మ. ఆయన ఆ మాట పట్టించుకోకుండా కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే కదిలించి చూపించాడు. చూసింది చాలక మళ్లీ చూడమన్నాడు.

మూడు వారాల తర్వాత పరీక్ష చేసి, ఇక విసురుకోవచ్చన్నారు. మర్నాడే గుంట దగ్గరికి బయల్దేరాడు. నాగులమ్మ కూడా వెంట వచ్చింది. మొదటి తిప్పుకు వల సగమే విచ్చుకుంది. రెండో తిప్పుకు వల పళ్లెంలా విచ్చుకుని పడింది. చిన్నపోలయ్య ఆనందం పట్టలేక తాడు అందుకుని గుంజబోయాడు. వల నీళ్లలో పాతిన గుంజకు తగులుకుని కదల్లేదు.

“లాగబాక,” అంది నాగులమ్మ వెనకనుంచి. “ఆ లుంగీ కత ఆస్పత్రిలో చెప్పినావంట గదా. లిల్లీ చెప్పింది.”

ఆయన సిగ్గుపడి వెనక్కి తిరిగాడు. ఆమె నవ్వడం లేదు.

“లోపల నువ్వు చెయ్యి పోతాదని ఏడస్తా ఉంటివి. బయట కూసోని నేను నువ్వే పోతావని ఏడస్తా ఉంటిని.”

 ఇన్నాళ్లూ తన చేతిని గురించి తప్ప ఆమెను గురించి ఒక్క మాటన్నా అడగలేదని చిన్నపోలయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. తాడు వదులు చేసి కుడిచెయ్యి ఆమెవైపు చాపాడు. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని, మణికట్టు మీది చిన్న మచ్చను బొటనవేలితో తడిమింది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. కాసేపటికి వల దానంతట అదే గుంజను వదిలింది.

నాగులమ్మ ముక్కు చీదుకుని, లుంగీ గట్టిగా కట్టుకున్నావా అని అడిగింది. వల గట్టుకు చేరేదాకా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.