ముప్పయ్యో అంతస్తు ఉద్యోగం

అందరూ అద్దంలోంచి నగరాన్ని చూస్తుంటే అతను అద్దాన్ని చూస్తున్నాడు. కుడి మూలన సబ్బునీటి చార ఒకటి ఎండిపోయి ఉంది. తెలియకుండానే చొక్కా చేతిని పిడికిట్లోకి లాక్కుని రుద్దాడు. మరక బయటివైపుది; పోలేదు.

"ఇంట్లో కిటికీ ఏ పాపం చేసిందో!" భార్య అతని చెవిలో గొణిగింది.

అమ్మ వినలేదు. పొద్దుటినుంచి వంతెనా, పడవా, తోటా తిరిగి కాళ్ళు పీకుతున్నా ఊరు చూడ్డానికి జనం ఎక్కే ఈ మేడ ఎక్కి తీరాలంది. కొడుకు ముప్పయ్యో అంతస్తులో, కిటికీ పక్కన పనిచేస్తాడని ఆమె ఊళ్ళో చెప్పని మనిషి లేడు. అతను చెప్పింది అబద్ధం కాదు. కిటికీకి ఏ పక్కనో మాత్రం చెప్పలేదు. ఇంటి పెంకులు సర్దుతూ తండ్రి జారిపడి పోయిననాడు, ఇక తను ఎత్తులెక్కనని తల్లికి ఒట్టేసినవాడు మరి.

ఈ మేడ అద్దాలు తుడిచే వంతు రేపని లెక్క చూసుకునే తీసుకొచ్చాడు. నిన్నటి వానకు వంతులు మారిన సంగతి అతనికి తెలియదు.

"ఊరంతా ఎవరో ఆరబోసినట్టుందిరా!" అంటోంది అమ్మ.

అప్పుడే పైనుంచి రెండు బూట్లు దిగాయి. తర్వాత మోకాళ్ళు, బకెట్టు, ఆ వెనక అతనితో రోజూ తాడు పంచుకునే బక్కోడి మొహం. లోపల అతన్ని చూడగానే ఆ మొహం చేటంత అయింది. తాడు చూపించి, "వస్తావా?" అన్నట్టు చెయ్యి ఊపాడు.

"నిన్నే పిలుస్తున్నాడేంట్రా? తెలిసినవాడా?"

"ఎవరోనమ్మా. అందరితోనూ అంతేనేమో."

ఉన్నట్టుండి గాలి కొట్టింది. బకెట్టు అద్దానికి గుద్దుకుంది. బక్కోడు గిర్రున తిరిగి శూన్యంలోకి ఊగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కెవ్వుమన్నారు. అద్దానికి ఇవతల అతని ఎడంచెయ్యి నడుం దగ్గర లేని కొక్కేన్ని వెతికింది. కుడిచెయ్యి తలపైన లేని తాడును పట్టింది. మోకాళ్ళు వంగాయి. బయట బక్కోడు కూడా సరిగ్గా అలాగే వంగి, కాళ్ళు అద్దానికి తన్నిపెట్టి నిలదొక్కుకున్నాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అమ్మ మాత్రం బయటికి చూడటం లేదు. కొడుకు చేతుల్నే చూస్తోంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఆరేళ్ళు."

"రెండు తాళ్ళుంటాయి అత్తయ్యా, ఒకటి తెగినా…"

"నీకూ తెలుసన్నమాట," అంది అమ్మ. కొడుకు వైపు తిరిగి, "ఆరేళ్ళు నన్ను హాయిగా నిద్రపోనిచ్చావురా," అంది. అందులో కోపం ఉంటే బావుండుననిపించింది అతనికి.

వారం ఉంటానని వచ్చిన మనిషి, ఇంటికి రాగానే బట్టలు సర్దుకుని సాయంత్రం బస్సెక్కింది.

"మానేస్తానమ్మా," అన్నాడు బస్సు కిటికీ ఊచ పట్టుకుని.

"ఇంకో అబద్ధం చెప్పకు నాయనా," అంటూ అతని వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది. బస్సు కదిలింది.

ఇంటికొచ్చేసరికి మంచం మీద, ఆమె సంచి పెట్టిన చోట, కాగితం పొట్లం ఒకటి ఉంది. లోపల, ఆఫీసు కుర్చీలో వేసుకు కూర్చోవడానికి అమ్మ కుట్టిన చిన్న మెత్తటి పరుపు. కుర్చీకి కట్టుకునేందుకు నాలుగు మూలలా నాలుగు నాడాలు, జారిపోకుండా ఒక్కోదానికీ మూడేసి వరసల కుట్లు.