వైశాలి కారు పళ్ళు

తాండూరులో నాపరాళ్ళకు పాలిష్ పట్టే యూనిట్ వాళ్ళింటి కోడలు వైశాలి. ఆమె చెల్లెలు నిఖిలను వికారాబాద్‌లో బట్టల దుకాణం వాళ్ళకిచ్చారు. పోయిన దీపావళికి అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే రకం రిమోట్ కారు కొనుక్కున్నారు. పిల్లల బొమ్మనుకునేరు! మీట నొక్కితే వెంటపడ్డ కుక్క కూడా అందుకోలేదు, అంత మోటారు దానిది.

ఆదివారం వస్తే రెండూళ్ళకూ నడుమనున్న ధారూర్‌లో కోత కోసిన చేలో పందెం. సగం దూరం పోయేసరికి వైశాలి కారు కరకరమని అరిచి ఆగిపోయేది. విప్పి చూస్తే గేరు పళ్ళు అరిగి నున్నగా ఉండేవి. నిఖిల కారేమో కొత్త పెళ్ళికూతురిలా తిరిగొచ్చేది.

"పెద్దదాని కారు ముసల్దయింది, దానికి పళ్ళే నిలుస్తలెవ్వు!" అని మేనమామ నాగేశ్వర్ అందరి ముందూ నవ్వేవాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి చెల్లెల్ని గెలిస్తే చాలనుకునేది వైశాలి.

అత్త ఇందిరమ్మ శుక్రవారం శుక్రవారం యూనిట్లో మిషన్లకు బొట్టుపెట్టి, దగ్గరుండి గ్రీజు కూరించేది. "గ్రీజు తక్కువైతే మిషన్ ఏడుస్తదే," అనేది. వైశాలి కూడా కారు గేర్లకు వెన్నముద్దలా గ్రీజు పెట్టేది. గేరు పోయినకొద్దీ ఇంకాస్త ఎక్కువ పెట్టేది. అయినా అరుగుతుంటే, చెల్లెలు చాటుగా ఖరీదైన గేర్లు తెప్పించుకుందని అనుమానం పట్టుకుంది.

వికారాబాద్ పోయినప్పుడు, నిఖిల చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళిందో లేదో, వైశాలి స్క్రూడ్రైవర్ తీసి ఆమె కారు విప్పేసింది. లోపల అవే గేర్లు. అచ్చం తనవే. గుండె ఇంకా మండింది.

"ఏం చేస్తున్నవక్కా?"

"జర దుమ్ము దులుపుతున్న."

"దుమ్ముంటే గద దులిపేతందుకు!"

వైశాలి గేర్లు తడిమి చూసింది. పొడిగా ఉన్నాయి. నోరాగలేదు. "గ్రీజేదే?"

నిఖిల పకపకా నవ్వింది. "గిట్ల దుమ్ము తగిలే గేర్లకు గ్రీజు ఎవలు పెడ్తరక్కా? మీ రాతిపొడంత దానికి అంటుకుంటది. నువ్వు బండలకు పట్టినట్టు గేర్లకు పాలిష్ పడుతున్నవ్!"

చిన్న గేరుకూ పెద్ద గేరుకూ నడుమ కాగితం ముక్క పెట్టి, స్క్రూలు బిగించి, కాగితం లాగేసింది. "గీ సందు ఉండాలె. మరీ ఒత్తుకుంటే అరుగుతది, ఎడమైతే పళ్ళు ఇరుగుతయి. నిలబడ్డ కారుకు ఒక్కసారే మీట గుంజకు. గాల్లోకి ఎగిరినప్పుడు మీట వదులు, చక్రాలు ఉత్తగ గిర్రున తిరుగుతుంటే నేలకు తాకంగనే దెబ్బంత గేర్లకే. ఆట అయినంక బ్రష్షుతోని దులుపు, గంతే."

ఏ దాపరికమూ లేకుండా చెప్పేసింది. దాచుకుని ఉంటే వైశాలికి తిట్టుకోవడానికైనా ఉండేది.

ఇంటికొచ్చి గ్రీజంతా తుడిచి, చెల్లెలు చెప్పినట్టే చేసింది. ఆ తర్వాతి ఆదివారం ఆమె కారు ఆగలేదు, అరవలేదు. ఆఖరి మలుపులో నిఖిల కారును దాటి గీత తొక్కింది.

నాగేశ్వర్ ఈల వేశాడు. "శభాష్ నిఖిలా! అక్కకు మంచిగ నేర్పినవ్ బిడ్డా!"

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నిఖిలే. వైశాలి ఆమె దగ్గరికిపోయి గుసగుసగా అడిగింది. "కావాల్ననే ఓడినవ్ గదనే?"

"నీ తోడక్కా, పానం పెట్టి ఉరికిచ్చిన!"

ఆ మాట నిజమని వైశాలికి తెలుసు. ఓడిన మనిషి అంత చల్లగా ఎట్లా నవ్వుతుందో మాత్రం తెలియలేదు. కారును చంకన పెట్టుకుని, మేనమామ ఇచ్చిన మిఠాయి ముట్టకుండా, తాండూరు బండి కోసం స్టేషన్ వైపు నడిచింది.