మిషను ఆపినా ఆగని అదురు

వీధిలో అందరూ ఆమెను గుండీలమ్మ అనేవారు. చొక్కా ఎవరు కుట్టినా సరే, కాజాలు మాత్రం ఆమె చేతి మీదుగా రావాల్సిందే.

కీళ్లవాతంతో ఆ వేళ్లే కొయ్యబారిపోయినప్పుడు, అత్తగారు అన్నం కలిపి పెడితే తిన్న రోజులున్నాయి. డాక్టరమ్మ మలేరియా మాత్ర రాసింది. "కీళ్లకూ పనిచేస్తుంది. ఇంకే మందు వేసుకోవాలన్నా నన్నడుగు" అంది. నెలలు గడిచేకొద్దీ వేళ్లు దారికొచ్చాయి. గుండీలమ్మ మళ్లీ మిషనెక్కింది. ఆనాటి నుంచీ ఆ బిళ్లంటే ఆమెకు ప్రాణం.

ఒకసారి దగ్గు పట్టుకుంటే ఆడపడుచు తనింట్లో మిగిలిన బిళ్లలు తెచ్చింది. "మా ఆయనకు ఇట్టే తగ్గింది వదినా, వేసుకో" అంది. దగ్గుబిళ్లకు కూడా డాక్టరమ్మ దాకా ఎందుకని వేసుకుంది.

ఆ మర్నాటి నుంచి, దారం తెగిన మిషను ఉత్తినే పరుగెత్తినట్టు గుండె ఉండుండి దడదడలాడేది. మోటారు అదురు ఒంట్లో మిగిలిందిలే అని సర్దిచెప్పుకుంది. బయటికి చెబితే కీళ్ల బిళ్ల ఆపేస్తారేమోనని భయం.

సెలవునాడు అత్తగారు తల దువ్వుతూ వీపు మీద చెయ్యేసి ఆగిపోయింది.

"ఏమిటే ఇది?"

"మిషను అదురు అత్తయ్యా."

"మిషను గుడ్డ కప్పుకుని నిద్రపోతోంది. అదురుతోంది నువ్వు!"

లేవబోయిన గుండీలమ్మకు కళ్లు చీకట్లు కమ్మాయి.

ఆసుపత్రిలో గుండె గీతల కాగితం చూసి డాక్టరమ్మ ముఖం చిట్లించింది. "ఇంకేం వేసుకున్నావు?"

గుండీలమ్మ పక్కకు చూసింది. ఆడపడుచే ఏడుస్తూ దగ్గుబిళ్లల అట్ట తీసి చూపించింది.

"ఈ రెండూ కలిస్తే కొందరికి గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదకొస్తుంది. ప్రస్తుతానికి రెండూ ఆపుదాం. గీతలు సర్దుకున్నాక, నీ బిళ్ల మళ్లీ ఇవ్వొచ్చో లేదో చూద్దాం."

"నా వేళ్లు?"

"వేళ్ల కోసం గుండెను పణంగా పెట్టలేం కదమ్మా."

కొన్నాళ్లు వార్డులో ఉంచి పంపారు. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లేసరికి గీతలు బాగున్నాయి. "అదురు మళ్లీ వచ్చిందా?" అని డాక్టరమ్మ అడిగింది.

రాలేదని చెబితే బిళ్ల చేతికొస్తుంది. ఆ ఉదయమే వేళ్లు ముడవడానికి మొరాయించాయి. వాటిని ఒళ్లో దాచుకుంది. అంతలో, వీపు మీద ఆగిపోయిన అత్తగారి చెయ్యి గుర్తొచ్చింది.

"నిన్న మెట్లెక్కుతుంటే ఒకసారి వచ్చిందండీ."

"మంచిపని చేశావు చెప్పి. అయితే ఇంకొన్నాళ్లు ఆగుదాం. ఈలోపు నొప్పికి వేరే మందు చూస్తాను."

బయట బల్ల మీద అత్తగారు ఆ వేళ్లను తన ఒళ్లోకి తీసుకుని ఒక్కొక్కటే వత్తింది.

"దిగులు పడకే. అందాకా కాజాలు నేను కుడతాను."

"మీరు కుడితే కాజాలో గుండీ కాదత్తయ్యా, తలకాయ దూరుతుంది."

"దూరితే దూరనీ. చొక్కా తొడుక్కోవడం ఇంకా తేలిక!"

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక గుండీలమ్మ గుండె మీద చెయ్యేసుకుని, అదురు ఉందేమో చూసుకుంది.