మగ్గం గుంట

పుల్లలచెరువు పక్క పల్లెలో గిద్యోను ఇల్లంటే ఒక్కటే గది. అందులో సగం మగ్గానిదే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని ముప్పై ఏళ్లు బట్ట నేశాడు ముసలాయన. యుద్ధమొచ్చి నూలు దొరక్కుండా పోయి రెండేళ్లయింది. అయినా పొద్దున్నే సంగటి తిని ఆ గుంటలోకి దిగడం మానలేదు. నూలు లేని మగ్గాన్ని తొక్కుతూ కూర్చునే మనిషికి ఎవరేం చెబుతారు, చెప్పండి?

చెప్పాల్సింది కూతురు ఎలీషబాయే. మార్కాపురం మిషను బడిలో ఎనిమిది చదివొచ్చి, మూడేళ్లుగా కూలికి కలుపు తీస్తోంది. ఇన్నాళ్లకు మిషను దొరగారు పల్లెకు బడి ఇస్తామన్నారు. పంతులమ్మ ఉద్యోగం ఆమెకే. కాకపోతే పిల్లలు కూర్చునే చోటు సోమవారానికల్లా చూపించాలి. లేదంటే ఆ బడి పెద్దారవీడు వైపు పోతుంది.

శనివారం దాకా ఆమెకు నోరు పెగల్లేదు.

"నాయనా, ఈ గుంట పూడ్చుకుందామా?"

"నూలొస్తే?" అన్నాడు గిద్యోను.

"రాదు నాయనా. బతుకంతా నేను కలుపు తీసుకుంటనే ఉండాల్నా?"

ముసలాయన గుంట అంచు పట్టుకుని పైకి లేచాడు.

"అట్లనే కానీ. మగ్గం నేనే ఇప్పుతా. ఆ ముడులు నీకు తెలవవు."

కర్రలన్నీ చూరులో దోపాడు. ఎలీషబా గంపలకొద్దీ మట్టి పోసి, గట్టిగా కొట్టి, పేడతో అలికింది. హమ్మయ్య అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

సోమవారం దొరగారు చూసి, సరేనని ఒక నల్లబోర్డు ఇచ్చి వెళ్లారు. పిల్లలు ఎక్కువే వచ్చారు. ఇద్దరికి చోటు చాలక గడప అవతల కూర్చున్నారు. గిద్యోను మాత్రం తన పాత చోటికే వచ్చాడు. కాళ్లు దించబోతే గట్టి నేల తగిలింది. వాటినెక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అలాగే ఉండి, ముందుకు చాపుకున్నాడు. పిల్లలు నవ్వారు.

ఎలీషబా అ, ఆ చెప్పించింది. పిల్లలు వల్లిస్తుంటే ముసలాయన పాదాలు కదిలాయి. కుడిది, ఎడమది, మళ్లీ కుడిది. ఉత్త నేలనే తొక్కుతున్నాడు. ఆమె బోర్డు వైపు తిరిగింది.

బడి వదిలాక చూస్తే, మడమలు ఆనినచోట అలుకు పెచ్చులు లేచింది. ఆమె పేడ కలిపి తెచ్చి మళ్లీ అలుకుతుంటే గిద్యోను చూశాడు.

"రేపట్నుంచి బయట కూసుంటాలే అమ్మా."

వద్దు నాయనా అనాలని నోటిదాకా వచ్చింది. ఆ చోట ఇద్దరు పిల్లలు పడతారు. అనలేదు.