కొండవాలు మీద కొమ్మలు

నరికిన చెట్ల మొద్దులు లారీలెక్కి వెళ్లిపోయాక వాలు మీద కొమ్మలూ రెమ్మలూ మిగులుతాయి. వాటిని ఏరి, మరలో వేసి ముక్కలు కొట్టి, కరెంటు ఫ్యాక్టరీకి తోలడం ఆ అక్కాతమ్ముళ్ల పని. తమ్ముడు మర చూసుకుంటాడు, అక్క లారీ నడుపుతుంది. బొగ్గుకు బదులు ఇవి కాలిస్తే గాలికి మేలని ఫ్యాక్టరీవాళ్లు చెప్పినప్పుడు అక్క తెగ మురిసిపోయింది.

నిరుడు ఇద్దరూ కలిసి ఊరి పైనున్న వాలంతా తుడిచిపెట్టేశారు. పుల్ల మిగల్లేదు. ఈ ఏడు మొదటి పెద్దవానకే అక్కడి మట్టి జారి, కిందనున్న బాబాయ్ వంటింట్లోకి వచ్చిపడింది.

అక్క పార తీసుకుని పరుగెత్తింది. బాబాయ్ బురదలో నిలబడి గిన్నెలు ఏరుకుంటున్నాడు. తిడతాడనుకుంది.

"వచ్చావా తల్లీ, కాస్త ఆ కుర్చీ లాగు, నావల్ల కావట్లేదు" అన్నాడు.

ఆమె పార కింద పెట్టింది. "ఆ కొమ్మలుంటే నీళ్లకి అడ్డం పడేవి బాబాయ్. మేమే ఊడ్చేశాం."

"కావాలని చేశారా ఏంటి? ముందు కుర్చీ లాగు."

మర్నాడు తమ్ముడు అవతలి కొండకు బయల్దేరబోతుంటే ఆమె అడ్డంపడింది.

"అక్కడ ఏరొద్దురా."

"మర కొన్న అప్పు వాయిదా ఎవడు కడతాడు? నీ మొగుడా?"

"ఉంటే కట్టేవాడేమో. అయినా అంతదూరం పోయి రావడానికి నా లారీ తాగే డీజిల్ చూశావా? ఆ పొగంతా వదిలి, గాలి బాగుచేస్తున్నామని ఎలా చెప్పుకుంటాం? రోడ్డు పక్క పడున్న కొమ్మల కుప్పలు చాలు మనకి. వాలు మీదవి అక్కడే ఉండనీ."

తమ్ముడు మూతి ముడుచుకుని ఇంట్లోకి పోయాడు. ఆమె ఒక్కతే యార్డులో ఉన్న కొమ్మల్ని లారీకెత్తి, కొండమీదికి తోలుకెళ్లి, బోడి వాలు మీద అడ్డంగా పరవసాగింది. అమ్మితే డబ్బులొచ్చే సరుకు. మధ్యాహ్నానికి చేతులు గీరుకుపోయాయి. అప్పుడొచ్చాడు తమ్ముడు, చేతికి తొడుగులు వేసుకుని.

"అలా కాదే, మొదళ్లు లోపలికి గుచ్చు. లేకపోతే కొట్టుకుపోతాయి" అని విసుక్కుంటూ పనిలో దిగాడు.

ఫ్యాక్టరీకి లోడ్లు సగానికి పడిపోయాయి. వాయిదా కోసం తమ్ముడు సాయంత్రాలు మెకానిక్ షెడ్డులో పని ఒప్పుకున్నాడు. అక్కని రోజూ సాధిస్తూనే ఉన్నాడు. ఆ ఏటి చివరి వానలకు మట్టి మళ్లీ కదిలింది కానీ, బాబాయ్ పెరటిగోడ దాటలేదు. ఆ సంగతి అక్కకు ఫోన్ చేసి చెప్పింది తమ్ముడే.