ఓబులేసు కుడి చెవి

యూనివర్సిటీలో ఎన్‌సీసీ ఆఫీసు వెనక గదే మాజీ సైనికుల సహాయ కేంద్రం. దాన్ని చూసే వేణుగోపాల్ సారు కబురు పెడితే, ఫీజు రాయితీ సంగతేమో అనుకుంటూ ఓబులేసు వెళ్ళాడు.

"ఏమప్పా, క్లాసులో ఆడపిల్లల తట్టే చూస్తాండావంట. వాళ్ళు పోయి ప్రిన్సిపాల్‌తో చెప్పినారు. బిడ్డల తండ్రివి, సిగ్గుండాదా?"

ఓబులేసు సావధాన్‌లో నిలబడ్డాడు. పదిహేడేళ్ళు ఫిరంగి దళంలో పనిచేసి హవల్దారుగా రిటైరైనవాడు. మైదుకూరు నుంచి రోజూ బస్సులో వచ్చి బి.ఎడ్. చదువుతున్నాడు.

"నోరు తెరువప్పా. సీటు పోతాది."

ఫిరంగి పక్కన నిలబడి నిలబడి అతని కుడి చెవి పోయింది. పంతులు ఉద్యోగానికి డాక్టరు పరీక్ష ఉంటుందని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. క్లాసులో ఎడమ వైపు మగవాళ్ళు, కుడి వైపు ఆడవాళ్ళు, మధ్యలో మేడం. ఎడమ చెవి మేడం వైపు పెట్టాలంటే తల కుడికి తిప్పాలి. తిప్పితే చూపు ఆడవాళ్ళ బెంచీల మీద పడుతుంది.

చెబితే ఉద్యోగం అనుమానం. చెప్పకపోతే సీటు పోతుంది, ఆ పేరు మోసుకుని ఇంటికి పోవాలి. చెప్పాడు.

వేణుగోపాల్ కుర్చీ చూపించాడు. "మిలిటరీలోనే చెప్పింటే పింఛను పెరిగిండేది గదప్పా?"

"చెప్పింటే గన్ను కాడ ఉంచరు సార్."

"ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతా. క్లాసులో మాత్రం నువ్వే చెప్పల్ల. నేను చెబితే సాకు మాదిరి ఉంటాది."

మరునాడు పాఠానికి ముందు ఓబులేసు లేచి నిలబడ్డాడు. "నాకు కుడి చెవి ఇనపడదు. మేడం మాట కోసరం తల తిప్పుతాండా. మీ తట్టు చూసేది అందుకేనమ్మా."

ఫిర్యాదు చేసిన నాగలత తల వంచుకుంది. తర్వాత పుస్తకాలు జరిపింది.

"ముందే చెప్పింటే మేము పోయి చెప్పేవాళ్ళమా అన్నా? రా, మా బెంచీ చివర గోడ తట్టు కూచో."

మేడం తల ఊపింది. ఓబులేసు వెళ్ళి కూర్చున్నాడు. మేడం, మగవాళ్ళ బెంచీలు ఇప్పుడు అతని ఎడమ చెవి వైపు. రేపు డాక్టరు అడిగినా ఇదే చెప్పాలి. నలభై మంది విన్నది ఇక దాగదు.

మగవాళ్ళ బెంచీల్లో తేజేశ్వర్ గొణిగాడు. "ఒరే, నాకూ ఒక చెవి పోతే బాగుండు రా."

ఆ మాట, వెనక వచ్చిన నవ్వు, ఓబులేసుకు స్పష్టంగా వినిపించాయి. అతనూ నవ్వాడు. మేడం పాఠం మొదలుపెట్టింది. తల తిప్పకుండా బోర్డు వైపు చూస్తూ విన్నాడు.