ముప్పై రెండు గడులు

ఎవరూ తెరవని పుస్తకానికి కాపలా కాయడం కూడా ఒక ఉద్యోగమేనా అని పట్టికలమ్మను మొహాన అడిగినవాళ్లు గణాంక శాఖలో లేరు. వెనకాల అనుకోనివాళ్లూ లేరు. ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఏభై ఏడేళ్ల మనిషి. అందులో పంతొమ్మిదేళ్లు ఒకే పట్టికతో గడిపింది. మోటారు వాహన నేరాలు, పోలీసు స్టేషన్ల వారీగా. దీపాలు లేకుండా బండి నడిపినవాళ్లు ఎందరు, ఎర్ర దీపం దాటినవాళ్లు ఎందరు, పరిమితికి మించి మనుషుల్ని ఎక్కించుకున్నవాళ్లు ఎందరు, అనవసరంగా హారను మోగించినవాళ్లు ఎందరు, ఇలా ముప్పై రెండు గడులు. ముప్పై రెండోది “ఇతరములు”. ఏ గడిలోనూ ఇమడనిదంతా అందులోకి పోవాలి.

ఆ మంగళవారం కొత్త డైరెక్టరమ్మ ఆమెను గదిలోకి పిలిచింది. వయసులో చిన్నదే, మర్యాద తెలిసిన పిల్ల. బల్లమీద ఆ పట్టికతో ఏటా అచ్చయ్యే పుస్తకాలు, ఏడేళ్లవి, దొంతరగా ఉన్నాయి.

“అమ్మా, ఇది వినండి” అని ఒక పుస్తకం అట్ట తెరిచింది. కొత్త చెప్పుల్లా కిర్రుమంది. “లైబ్రరీలోంచి తెప్పించాను. ఏడింటిలో ఒక్కటీ ఎవరూ తెరవలేదు.”

పట్టికలమ్మ తలవంచుకుంది, పెళ్లిచూపుల్లో తన పిల్లకి వంక పెట్టినట్టు.

“తప్పుల్లేకుండా చేశారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మూడు వందల స్టేషన్లు, నెలకి రెండేసి రోజులు జరిమానా చీటీలు లెక్కపెడుతున్నాయి. అంటే నెలకి ఆరు వందల పనిదినాలు. ఎవరికోసం?”

“ఎవరో ఒకరు ఉంటారు మేడమ్.”

“ఉంటే చెప్పమందాం. నలభై అయిదు రోజులు గడువిచ్చి ప్రకటన వేద్దాం. ఈ పట్టిక నాకు పనికొస్తోంది అని బయటివాళ్లు ఒక్కరు రాసినా చాలు, ఇంకో ఏడాది నడుపుతాను. లెక్కలు పంపే స్టేషన్లవాళ్లూ మనమూ రాస్తే మాత్రం లెక్కలోకి రాదు. గడువయ్యాక ఉంచాలా ఆపాలా అన్న నోటు మీరే రాయండి. పట్టిక మీది కదా.”

పట్టికలమ్మకు భయం వేసింది. పట్టిక పోతుందని కాదు. పట్టిక పోతే అయిదో తారీఖు పోతుంది.

మిగతా స్టేషన్లన్నీ లెక్కలు కంప్యూటరులో పంపేవి. కొండదారి స్టేషనుకు ఆ సౌకర్యం ఎప్పుడూ సరిగా పనిచేయలేదు. అందుకని ప్రతి నెలా అయిదో తారీఖు పొద్దున పది గంటలకు అక్కడి రైటరు ఫోను చేసి అంకెలు చదివేవాడు, తర్వాత సంతకం చేసిన కాగితం పోస్టులో పంపేవాడు. స్టేషను పుస్తకాలన్నీ రాసేది అతనే. పంతొమ్మిదేళ్లయింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆమెకంటే ఏడాది పెద్దవాడైనా మొదటి రోజు “అక్కగారూ” అన్నాడు, ఇక మార్చుకోలేదు.

“అక్కగారూ, మొదలెడుతున్నా. ఒకటి, దీపాలు లేకుండా, రెండు. రెండు, వేగం, నాలుగు. ఇదిగో, ఒక సందేహం. ఒకాయన ముందు సీట్లో మేకని కూర్చోబెట్టి, తాను పక్కకి ఒరిగి నడుపుతున్నాడు. మేకని మనుషుల్లో రాయాలా, సరుకుల్లో రాయాలా?”

“బెల్టు పెట్టుకుందా?”

“మేక పెట్టుకుంది. ఆయనే పెట్టుకోలేదు.”

“అయితే ముప్పై రెండులో వేయండి.”

అలా సాగేది. గడికీ గడికీ మధ్య అతని మోకాళ్ల నొప్పులు, ఆమె చెల్లెలి కుట్టుమిషను, అతని కూతురి నర్సు ఉద్యోగం, కొండమీద మంచు. మొదటి ఏడాది ఒకసారి ఫోను రాలేదు. ఆమే చేసి కేకలేసింది. “నేరాలేం లేవు, అందుకే చేయలేదు” అన్నాడు అతను.

“లేకపోతే లేవని చెప్పాలి రైటరుగారూ. సున్నా అంటే అంతా బాగుందని. కాగితమే రాకపోతే ఏమైందో మాకెలా తెలుస్తుంది?”

ఆ మాట అతను మరిచిపోలేదు. కొండచరియ విరిగి దారి మూసుకుపోయిన నెలలో కూడా ఫోను చేసి ముప్పై రెండు సున్నాలు ఒక్కొక్కటే చదివాడు. ఆమె ఒక్కొక్కటే రాసుకుంది.

ఒక్క విషయంలో మాత్రం అతను ఆమెను ఆటపట్టించేవాడు. ముప్పై రెండో అంకె వినగానే “సరే సరే” అని ఠక్కున పెట్టేసేది. “మీరు ఫోను పెట్టేసే వేగం బండికుంటే నేను చీటీ రాసేవాణ్ని” అనేవాడు. ఎందుకో ఆమె చెప్పలేదు. ఎవరినైనా సాగనంపాల్సి వస్తే ఆమె బస్సు కదలకముందే వెనక్కి తిరిగేది. ఎప్పుడో అన్నయ్య రైలెక్కుతుంటే మంచినీళ్ల సీసా వంకతో పక్కకి వెళ్లిపోయింది. తిరిగొచ్చేసరికి రైలు లేదు. పరాయి ఊళ్లో జ్వరం వచ్చి ఆ అన్నయ్య మరి రాలేదు. అప్పట్నుంచి ఏదైనా చివరికి వస్తోందంటే ఆమె చేతులు చల్లబడేవి.

ప్రకటన వెళ్లింది. స్టేషన్లకూ నకలు పోయింది. నెల గడిచింది. జవాబుల కోసం పెట్టిన అట్టపెట్టెలో బంట్రోతు తన కళ్లజోడు దాచుకోవడం మొదలుపెట్టాడు. మధ్యలో వచ్చిన అయిదో తారీఖున ఆమె ఆ ఊసెత్తలేదు, రైటరూ ఎత్తలేదు. ఇద్దరూ అంకెలు మాత్రం మాట్లాడుకున్నారు.

గడువుకు అయిదు రోజుల ముందు, రెండో తారీఖున, ఒక కవరు వచ్చింది. గీతల కాగితం మీద నాలుగు వాక్యాలు. “ఈ పట్టిక నాకు ఎంతో ఉపయోగం. ఏటా చదువుతాను. దీన్ని చూసే నేను జాగ్రత్తగా బండి నడుపుతున్నాను. దయచేసి ఆపవద్దు. ఇట్లు, ఒక వాహనదారుడు.”

బంట్రోతు చప్పట్లు కొట్టాడు. “చచ్చినోడి పెళ్లికి వచ్చిందే కట్నం అన్నట్టు, ఒక్కడైనా దొరికాడమ్మా!”

“అదేం సామెత? ఎక్కడా వినలేదు.”

“ఇప్పుడే పుట్టిందిలెండి.”

ఆమెకు నవ్వు రాలేదు. కాగితం పైన తారీఖు పక్కన రెండు చిన్న అడ్డగీతలున్నాయి. అంకె పక్కన ఇంకో అంకె ఎవరూ చేర్చకుండా స్టేషను పుస్తకాల్లో అలా గీస్తారు. అలా గీసినప్పుడు రెండో గీత తోక కిందికి వంచేవాడు ఒక్కడే. ఆ తోక ఆమె పంతొమ్మిదేళ్లుగా నెలనెలా చూస్తోంది.

ఉత్తరం ఫైల్లో పెడితే చాలు. డైరెక్టరమ్మకు తోకల సంగతి తెలియదు. ఇంకో ఏడాది, ఇంకో పన్నెండు అయిదో తారీఖులు. ఆమె కాగితాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది, పడిందో లేదోనని మూడుసార్లు లాగి చూసింది.

ఇంట్లో చెల్లెలు మిషను ఆపకుండానే అంతా విన్నది.

“ఏంటక్కా, ఒక మనిషితో మాట్లాడాలంటే నీకు ముప్పై రెండు గడులు కావాలా?”

“పనుంటే చేస్తాడు. పని లేకుండా ఎందుకు చేస్తాడే? నేనెవర్ని?”

“అడిగావా?”

“ఎలా అడుగుతాం?”

“నోటితో.” చెల్లెలు దారం పటుక్కున కొరికింది. “ఉత్తరం రాసింది ఆయన. దొంగలా వణుకుతున్నది నువ్వు. బాగుంది సంబడం!”

అయిదో తారీఖు పది గంటలకు ఫోను మోగింది.

“అక్కగారూ, మొదలెడుతున్నా. ఒకటి, దీపాలు లేకుండా...”

“రైటరుగారూ, ఆ ఉత్తరం మీదేనా?”

అవతల చీటీల పుస్తకం మూసిన చప్పుడైంది.

“పట్టేశారా!” అన్నాడు. “మా ఆవిడ చెప్తూనే ఉంది, అబద్ధం రాయడం నీకు చేతకాదు అని. తప్పేనమ్మా. మీకోసం చేశాను.”

“నాకోసమా?”

“పట్టిక పోతే మీ సీటు పోతుంది కదా. రెండేళ్లలో రిటైరవబోయే మనిషిని వీధిలో పడేస్తారా అని మా ఆవిడా నేనూ బాధపడ్డాం.”

“నా సీటుకేం? జననాల పట్టికకి మారుస్తారు. పక్క బల్ల.”

“పక్క బల్లా?” అతను గట్టిగా నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. “ముందే తెలిస్తే బాగుండేది అక్కగారూ.”

అప్పుడు చెప్పాడు. మూడేళ్లుగా చూపు ఆనడం లేదు. చీటీలు భార్య చదువుతుంటే అతను గీతలు పెట్టుకుంటున్నాడు. కూతురికి ఆస్పత్రిలో నెల మొదటి వారంలోనే రెండు రోజులు కలిపి సెలవు దొరుకుతుంది. సరిగ్గా ఆ రెండు రోజులే ఇతనికి లెక్కలు. మనవరాలికి నాలుగేళ్లొచ్చాయి. ఎత్తుకున్నది రెండుసార్లు. ఆ పిల్ల అతన్ని “ఫోను తాత” అంటుంది.

“వేరేవాళ్లకి అప్పజెప్పొచ్చు కదా ఈ పని?”

“మీరు వేరే గొంతు వింటే కంగారుపడతారని...”

పట్టికలమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. నువ్వు ముందు ఎక్కు అంటే నువ్వు ముందు ఎక్కు అంటూ ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయిన ఇద్దరిలా ఉంది వాళ్ల పని. తను పట్టుకు వేళ్లాడిన అయిదో తారీఖు ఒక పసిపిల్లకి తాతను లేకుండా చేసిందా? కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

“ఈ లెక్కలు ఎవరికైనా ఒక్కసారైనా పనికొచ్చాయా రైటరుగారూ? నిజం చెప్పండి.”

అతను ఆలోచించాడు. “ఒక్కసారి. రెండో మలుపు దగ్గర అడ్డంగా దూసుకొచ్చేవాళ్లు ఎక్కువయ్యారని మీతో అన్నాను. మీరు రోడ్ల శాఖకి ఫోను చేశారు. తెల్లగీత గీశారు. తర్వాత అక్కడ ఎవరూ చనిపోలేదు.”

“అది పట్టికలో లేదు.”

“లేదు. ‘అడ్డంగా దాటుట, తొమ్మిది’ అని ఉంది, అంతే.”

“సరే, చదవండి” అంది ఆమె. “ఇవే ఆఖరివి, పూర్తిగా చదవండి.”

అతను చదివాడు. ఆమె రాసుకుంది. ఇద్దరూ తొందరపడలేదు. “ముప్పై రెండు, ఇతరములు, సున్నా” అన్నాడు. ఆమె చేయి అలవాటుగా ఫోను పెట్టేయబోయింది. ఎడమచేత్తో ఆ చేతిని పట్టుకుంది.

“ఉన్నారా అక్కగారూ?”

“ఉన్నాను.”

“ఇవాళ చీటీ రాయక్కర్లేదన్నమాట” అన్నాడు. “అంతేనమ్మా మరి. ఉంటాను.”

అతను పెట్టేసిన చప్పుడు ఆమె చెవిన పడింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి. తర్వాత వచ్చే ఆ సన్నటి కూత కూడా కాసేపు విన్నది. చేతులు చల్లబడ్డాయి గానీ ప్రాణం పోలేదు.

ఏడో తారీఖున నోటు ఇచ్చింది. “బయటివారి నుంచి జవాబులు: సున్నా. లెక్కలు పంపేవారి నుంచి: ఒకటి, లెక్కలోకి రాదు. పట్టిక ఆపవచ్చు. అయితే దారిలో ప్రమాదం కనిపిస్తే స్టేషన్లు ఒక్క వాక్యం రాసి పంపే వీలు ఉంచాలి. ఉపయోగపడింది అదొక్కటే.”

డైరెక్టరమ్మ రెండుసార్లు చదివింది. “ఆ ఒక్కటి ఎవరిదమ్మా?”

“పేరు రాయలేదు మేడమ్. అంకె పక్కన గీతలున్నాయి. స్టేషన్లలో పనిచేసేవాళ్లే అలా గీస్తారు.”

డైరెక్టరమ్మ ఉత్తరాన్నీ పట్టికలమ్మ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ఇంకేం అడగలేదు. చివరి వాక్యం పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి, మొత్తం మీద సంతకం చేసింది. ఆ ప్రశ్నార్థకం ఏమైందో ఇప్పటికీ తేలలేదు.

తర్వాతి నెల అయిదో తారీఖుకి పట్టికలమ్మ పక్క బల్ల దగ్గరుంది. జననాలు. ఇక్కడ గడులు పదకొండే. పది గంటలైంది. పాత బల్ల మీద ఫోను నోరు మెదపలేదు. పదీ పదయింది. పదీ ఇరవై. ఆమె లేచి వెళ్లి, పంతొమ్మిదేళ్లలో రెండోసారి, కొండదారి స్టేషనుకు తనే ఫోను చేసింది.

ఎవరిదో కొత్త గొంతు. “రైటరుగారా? లేరండీ. నిన్న పొద్దున్నే కూతురు దగ్గరికి వెళ్లారు. మనవరాలికి బొమ్మ కొనాలని వారం నుంచి మా ప్రాణాలు తోడేశారు. ఏదైనా చెప్పమంటారా?”

ఆమెకు సంతోషమే, కానీ మింగుడుపడని సంతోషం.

“ఏం లేదు బాబూ. ఇక్కడ సున్నా అని చెప్పండి.”

“సున్నానా? అంటే ఏమిటండీ?”

“ఆయనకు తెలుసు” అంది పట్టికలమ్మ. అవతలివాడు ఫోను పెట్టేసేదాకా ఆగింది.